లొకేషన్ బాగుంది సరే, అక్కడ మీరు చేయబోయే పనేంటి?

ప్రశ్న: నేను ఫిల్మ్ కోర్సు చివరి ఏడాది చదువుతున్నాను. మా డిప్లొమా షార్ట్ ఫిల్మ్‌కి ప్రొడక్షన్ బాధ్యత నాది. నటులతో కలిపి పన్నెండు మందిమి. మూడు చోట్ల షూటింగ్ అనుకున్నాం: ఎప్పుడో మూతపడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డు, మూడంతస్తుల భవనం డాబా, ఒక నది ఒడ్డు. షెడ్డులో సీన్లన్నీ రాత్రివే. రిస్క్ అసెస్‌మెంట్ (ప్రమాదాల అంచనా) ఫారం నింపి ఇస్తేనే కాలేజీవాళ్లు కెమెరా ఇస్తారు. సీనియర్లు వాళ్ల పాత ఫారం నాకిచ్చి పేర్లు మార్చి ఇచ్చేయమన్నారు. చదివితే అందులో మా సినిమాకి సంబంధించింది ఒక్కటీ లేదు. అసలు లొకేషన్‌కి వెళ్లి ఏం చూడాలో నాకు తెలియడం లేదు. డైరెక్టర్ నా క్లాస్‌మేటే. అడిగితే "ఏం కాదులే, ఊరికే టెన్షన్ పడతావ్" అంటాడు. నేను నిజంగానే ఎక్కువ ఆలోచిస్తున్నానా? ఏదైనా తేడాగా కనిపిస్తే షూటింగ్ ఆపమనే హక్కు నాకుంటుందా?

జవాబు: మీరు ఎక్కువేమీ ఆలోచించడం లేదు. ఇంకాస్త ఆలోచించాలి కూడా, కాకపోతే వేరే వైపు నుంచి.

చాలామంది లొకేషన్‌కి వెళ్లి "ఇక్కడ ప్రమాదకరమైనవి ఏమున్నాయి" అని వెతుకుతారు. గాజు పెంకులు, వేలాడే వైర్లు కనిపిస్తే రాసుకుంటారు, కనిపించకపోతే "సేఫ్" అని టిక్కు పెట్టేస్తారు. అది చాలదు. మీ డాబానే తీసుకోండి. అక్కడ ఉండేవాళ్లు రోజూ ఎక్కుతారు, దిగుతారు, ఎవరికీ ఏమీ కాదు. అదే డాబా మీద రేపు మీ కెమెరామన్ వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి వెనక్కి నడుస్తాడు. బూమ్ (మైక్ తగిలించిన పొడవాటి కర్ర) పట్టుకున్నతని చూపు మైక్ మీద ఉంటుంది. ఫోకస్ చూసే అమ్మాయి మానిటర్ మీంచి కళ్లు తిప్పదు. నటి ఏడుస్తూ ఉంటుంది. పిట్టగోడ ఎంత దూరంలో ఉందో చూస్తున్న మనిషి ఆ డాబా మీద ఒక్కరూ ఉండరు. డాబా అదే, దాని మీద జరిగే పని మారింది. మీరు లెక్క కట్టాల్సింది ఆ పనిని.

కాబట్టి రెక్కీకి, అంటే షూటింగ్‌కి ముందు లొకేషన్ చూసి రావడానికి, స్క్రిప్టు, షాట్ లిస్టు లేకుండా వెళ్లకండి. అవి లేకుండా వెళ్తే ఫోన్‌లో నాలుగు అందమైన ఫొటోలు మిగులుతాయి అంతే. డైరెక్టర్, కెమెరామన్, లైట్లు చూసేవాళ్లు ముగ్గురూ మీతో రావాలి. ఒక్కో షాట్‌కి మీరే ఒక్కొక్కరి స్థానంలో నిలబడి చూడండి: ఇక్కడ ఎవరుంటారు, టేక్ నడుస్తున్నప్పుడు వాళ్ల కళ్లెక్కడ ఉంటాయి, కాలు జారితే ఎటు పడతారు, మంట లేచినా ఎవరైనా మీదికొచ్చినా ఎటు పరిగెడతారు. ఈ నాలుగూ అడిగితే మీ సీనియర్ల ఫారంలో లేనివి డజను బయటికొస్తాయి. షూటింగ్ ఏ వేళకో రెక్కీ కూడా ఆ వేళకే చేయాలి. రాత్రి సీన్ అయితే మాత్రం ముందు పగలు ఒకసారి చూసి తర్వాతే రాత్రి వెళ్లండి. తెలియని షెడ్డులోకి మొదటిసారే చీకట్లో అడుగు పెట్టకూడదు.

రెక్కీకన్నా ముందు ఒక ఫోన్ చేయాలి. స్థలం ఎవరిదో వాళ్లకి. అనుమతి అంటే విద్యార్థులకు అదొక కాగితం, దొరక్కపోతే చాటుగా కానిచ్చేయొచ్చనుకుంటారు. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక సినిమా యూనిట్ రైలు వంతెన మీద షూటింగ్ పెట్టుకుంది. పట్టాల మీద షూటింగ్‌కి రైల్వే సంస్థ రాతపూర్వకంగానే ఒప్పుకోలేదు. అయినా వెళ్లి పట్టాల మీద మంచం వేసి సీన్ తీస్తుంటే రైలు వచ్చింది. సారా జోన్స్ అనే 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ చనిపోయింది, ఇంకొందరు గాయపడ్డారు. దర్శకుడు కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఆ పట్టాల మీద రైళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయో తెలిసినవాళ్లు వద్దంటే, తెలియనివాళ్లు వెళ్లారు. స్థలం యజమాని దగ్గర అనుమతితో పాటు దొరికేది ఈ సమాచారమే. మీ షెడ్డు ఓనర్‌ని అడగండి: నేలలో గుంటలెక్కడున్నాయి, కరెంటు నిజంగా కట్ అయిందా, పైకప్పు రేకులు దేనితో చేసినవి, లోపల ఏం తయారుచేసేవాళ్లు, రాత్రుళ్లు ఎవరైనా వస్తుంటారా. "ఎందుకు మూసేశారు" అని కూడా అడగండి. ఒక్కోసారి అసలు జవాబు అందులోనే ఉంటుంది.

మూడింట్లో నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది ఆ షెడ్డే, కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

పైకప్పుతో మొదలుపెట్టండి. పాత షెడ్లకు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు సర్వసాధారణం. అవి కదలకుండా ఉన్నంతవరకు పెద్ద ఇబ్బంది లేదు. మేకు కొట్టినా, విరిచినా, కింద పడిన ముక్కల్ని పొడిగా ఊడ్చినా కంటికి కనిపించని పోగులు గాల్లోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది ఎన్నో ఏళ్ల తర్వాత, కాబట్టి ఆ రోజు ఎవరికీ ఏమీ అనిపించదు. రేకులు విరిగి నేలంతా పడి ఉంటే ఆ షెడ్డు వదిలేసి ఇంకోటి వెతుక్కోమంటాను. మాస్కులేసుకుని సర్దుకుందాం అనే ఆలోచన వద్దు. రేకులు బాగానే ఉన్నా వాటి మీదికి ఎవరూ ఎక్కకూడదు, అవి మనిషి బరువు ఆపవు. "పైనుంచి ఒక్క టాప్ యాంగిల్" అని మీ కెమెరామన్ కచ్చితంగా అడుగుతాడు.

తర్వాత నేల. యంత్రాలు పీకేసిన చోట గోతులు, మూతల్లేని సంపులు, తుప్పు పట్టిన ఇనుప జాలీలు ఉంటాయి. పగటి రెక్కీలోనే వాటికి రంగు టేపు కట్టండి, కుదిరితే మీద గట్టి చెక్క వేసి బిగించండి. గోతిలోకో ట్యాంకులోకో దిగి తీసే షాట్ ఉంటే కొట్టేయండి. దీని మీద బేరాల్లేవు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటుంది. 19.5 కన్నా తగ్గితే ఆ చోటు ప్రమాదకరమని లెక్క. మూసుకుపోయిన గోతుల్లో అది ఎంతకి పడిపోయిందో కళ్లకి, ముక్కుకి తెలియదు. ఒకరు దిగి పడిపోతారు, కాపాడటానికి దిగిన రెండోవారూ పడిపోతారు. ఇలాంటి చోట్ల చావులు జంటగా రావడానికి కారణం ఇదే.

గబ్బిలాలు, పావురాలు ఉన్న చోట ఎండిన రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు సోకే బూజు జాతి క్రిములు ఉండొచ్చు. పొడి చీపురుతో ఊడ్చకూడదు, ముందు తడపాలి. మందం బూట్లు అందరికీ తప్పనిసరి, పాత్ర చెప్పుల్లో ఉంటే నటుడు టేక్ ముందు మాత్రమే మార్చుకోవాలి. పాములు, కందిరీగల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గోడల మీంచి వేలాడే ప్రతి వైరునీ కరెంటున్న వైరుగానే చూడండి, ఓనర్ లేదన్నా సరే.

రాత్రి షూటింగ్‌లో ఎవరికీ తట్టని సంగతి ఒకటి చెబుతాను. మీ లైట్లన్నీ నటుడి మీదే ఉంటాయి. ఆ వెలుగుకి అలవాటు పడిన కళ్లతో లైట్‌మ్యాన్ పక్కకి తిరిగి నడిస్తే అతనికి కొంతసేపు ఏమీ కనిపించదు. "ప్యాకప్" అనగానే పెద్ద లైట్లు ఆర్పేసి, అందరూ చేతుల్లో బరువులతో అదే చీకట్లో బయటికి నడుస్తారు. అందుకే షాట్‌తో సంబంధం లేకుండా ద్వారం దాకా దారి పొడవునా చిన్న బ్యాటరీ లైట్లు పెట్టండి. లోపలికి వెళ్లేటప్పుడు మొదట వెలిగేవి, చివర ఆరేవి అవే కావాలి. ద్వారాలు రెండుండాలి, రెండో దానికి తాళం వేసి ఉండకూడదు.

కరెంటు విషయం లెక్కతో తేలిపోతుంది. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 230 వోల్టుల సరఫరా ఉన్న చోట 1000 వాట్ల లైటు సుమారు 4.3 ఆంపియర్లు, 2000 వాట్లదైతే 8.7 లాగుతుంది. 120 వోల్టుల చోట దాదాపు రెట్టింపు. ఏ సాకెట్ నుంచి ఏ లైట్లో కాగితం మీద రాసి, సాకెట్ సామర్థ్యంతో పోల్చి చూడండి. ఎల్‌ఈడీ లైట్లు దొరికితే అవే వాడండి. కరెంటు తక్కువ తింటాయి, పాతరకం టంగ్‌స్టన్ లైట్లలా చేతులు కాల్చవు. ఎక్స్‌టెన్షన్ రీలు ఉంటే పూర్తిగా విప్పి పరచాలి. చుట్టగా ఉంచి ఎక్కువ లోడ్ వేస్తే లోపలే వేడెక్కి కరుగుతుంది. లీకేజీ వస్తే సరఫరా తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా లైట్లు పెట్టకండి. జనరేటర్ అయితే షెడ్డు బయటే, తలుపులకీ కిటికీలకీ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం అవతలి వైపు తిరిగి ఉండాలి. శబ్దం రికార్డింగ్‌లోకి వస్తోందని దాన్ని గోడ చాటుకో పక్క గదిలోకో నెట్టాలని సౌండ్ అతను అంటాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. పొడవైన కేబుల్ తెప్పించండి, గదిలోకి మాత్రం రానివ్వకండి. ప్రతి స్టాండు కాలి మీదా ఇసుక సంచి. ఇది అందరికీ తెలుసు, హడావిడిలో అందరూ మర్చిపోతారు.

ఇక డాబా. ఇందులో నాకు నచ్చే సంగతేంటంటే, కెమెరాని మోసం చేయడం చాలా తేలిక. పాత్ర అంచున నిలబడాలని కథ అడుగుతుంది, నటి అంచున నిలబడాలని అడగదు. నటిని పిట్టగోడకి రెండు మీటర్లు లోపల నిలబెట్టి, కెమెరా కింద పెట్టి ఆకాశం వచ్చేలా పైకి చూపిస్తే ప్రేక్షకుడికి అంచులాగే ఉంటుంది. కిందికి చూసే పాదాల క్లోజప్‌ని నేల మీద ఉన్న పొట్టి గోడ మీద తీసుకోవచ్చు. రోడ్డు కనిపించే షాట్‌ని మనుషులు లేకుండా విడిగా తీసి ఎడిటింగ్‌లో కలిపితే చాలు. "నడుముకి తాడు కడదాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎత్తులో పనిచేయడం నేర్చిన మనిషి, సరైన హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు), బరువు ఆపే కొక్కెం లేని తాడు ధైర్యాన్ని మాత్రమే ఇస్తుంది. అదింకా ప్రమాదం. యూనిట్‌కి కూడా ఒక హద్దు గీత కావాలి: అంచు నుంచి రెండు మీటర్లు లోపలికి రంగు టేపు వేసి, దాన్ని ఎవరు దాటబోయినా కేక వేయడమే పనిగా ఒకరిని పెట్టండి. కెమెరామన్ వెనక్కి నడిచే ప్రతి షాట్‌కీ అతని నడుం మీద చెయ్యి వేసి నడిపించే మనిషి ఉండాలి.

గాలిని తక్కువ అంచనా వేయకండి. కింద చల్లగా తగిలే గాలి మూడో అంతస్తు పైన స్కిమ్మర్ గుడ్డని (వెలుగుని మెత్తబరచడానికి ఫ్రేముకి కట్టే గుడ్డ) తెరచాపలా లేపుతుంది. గాలి రోజున డాబా మీద పెద్ద ఫ్రేములు వద్దు, వెలుగుని వేరే రకంగా చూసుకోమనండి. పక్కనుంచి కరెంటు తీగలు పోతున్నాయా చూడండి. అల్యూమినియం నిచ్చెన, పొడవాటి బూమ్ కర్ర, లైటు స్టాండు ఏదైనా సరే, ఆ తీగలకి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. పెద్ద లైన్లయితే ఇంకా ఎక్కువ. ఉరుము వినిపిస్తే డాబా ఖాళీ చేయించండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ పైకి.

నది గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, సీన్ ఏంటో రాయలేదు. ఒడ్డున మాటలేనా, నీళ్లలోకి దిగుతారా? వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతు ఉంటే చాలు, నిలబడ్డ మనిషిని పడేయగలదు. 30 సెంటీమీటర్లు చిన్న కారుని కదిలిస్తుంది. ఈ సంఖ్యలు చదివితే నమ్మబుద్ధి కాదు, మోకాళ్ల దాకా నీళ్లలో ఏమవుతుందిలే అనిపిస్తుంది. పైన ఆనకట్ట ఉందా, నీళ్లు ఎప్పుడు వదులుతారు అన్నది దగ్గర్లో ఉండేవాళ్లని, ఆనకట్ట అధికారుల్ని అడగాలి. వాన ఇక్కడ పడకపోయినా పై ఊళ్లలో పడితే నది ఇక్కడ పెరుగుతుంది. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర ఒక జలాశయంలో పోరాట సన్నివేశం కోసం ఇద్దరు నటులు హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకి మునిగి చనిపోయారు. వాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. మీది అంత పెద్ద స్టంటు కాదని నాకు తెలుసు, కానీ నీటికి మీ బడ్జెట్‌తో పనిలేదు. నా సలహా: నీళ్లలోకి ఎవరూ దిగని విధంగా సీన్ రాయించండి. దిగక తప్పదంటే పారని, లోతు కొలిచిన, అడుగు కనిపించే నీళ్లు వెతకండి. నీటి అంచున పనిచేసే యూనిట్ వాళ్లకీ లైఫ్ జాకెట్లు వేయండి, ఈతలో రక్షించడం తెలిసినవాళ్లని ఆ పని కోసమే పెట్టుకోండి. నీటి దగ్గర బ్యాటరీ లైట్లు మాత్రమే.

మీ కథలో బండి ఉందో లేదో తెలియదు. ఉంటే నటుడు డైలాగ్ చెబుతూ నడపకూడదు, కెమెరామన్ డిక్కీలోంచి వేలాడకూడదు. 2022 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ఇసుక దిబ్బల్లో జరిగిన ఒక విద్యార్థి షూటింగ్‌లో వాహనం బోల్తా పడి, సినిమాటోగ్రఫీ చదువుతున్న యువకుడు చనిపోయాడు. ఆగి ఉన్న కారుని ఇద్దరు కొద్దిగా ఊపుతూ, అద్దాల మీదుగా లైట్లు కదిలిస్తే రాత్రి ప్రయాణం బ్రహ్మాండంగా వస్తుంది. తుపాకీ ఉంటే ప్లాస్టిక్‌దో రబ్బరుదో వాడండి. పేలేది ఏదీ, ఖాళీ తూటాలతో (గుండు లేకుండా మందు మాత్రమే ఉండేవి) సహా, విద్యార్థి సెట్ మీదికి రాకూడదు. 1993లో నటుడు బ్రాండన్ లీ చనిపోయింది అలాగే: గొట్టంలో ఇరుక్కున్న తూటా ముక్కని తర్వాత పేల్చిన ఖాళీ తూటా బయటికి తోసింది. బొమ్మ తుపాకీ అయినా బయట తీస్తే పోలీసులకి ముందే చెప్పండి, దారినపోయేవాళ్లకి అది బొమ్మని తెలియదు.

ఇప్పుడు ఫారం. ప్రమాదకారకం ఒక గడి, దానివల్ల ఎవరికి ఏం జరగొచ్చు ఇంకో గడి, జరిగే అవకాశం 1 నుంచి 5, తీవ్రత 1 నుంచి 5, రెండూ గుణిస్తే వచ్చే సంఖ్య. దాదాపు అన్ని ఫారాలూ ఇంతే. ఈ సంఖ్యలతో ఆడుకోవడం చాలా తేలిక, 12 వస్తే 8 చేయడానికి రబ్బరు చాలు. కాబట్టి సంఖ్య గురించి గొడవపడకండి. తీవ్రత 5 అయితే, అంటే ప్రాణం పోయే వీలుంటే, అవకాశం 1 అని రాసినా సరే ఆ వరుసని డైరెక్టర్‌తో కూర్చుని విడిగా మాట్లాడండి.

అసలు పని "తీసుకునే చర్యలు" అనే గడిలో ఉంటుంది. విద్యార్థులు ఇచ్చే ఫారాల్లో అక్కడ ఎక్కువగా కనిపించే వాక్యం "అందరం జాగ్రత్తగా ఉంటాం". జాగ్రత్త చర్య కాదు. టేక్ నడుస్తుంటే ఎవరూ జాగ్రత్తగా ఉండరు, ఉండలేరు, ఉంటే సినిమా రాదు. ఆ గడి నింపడానికి ఒక వరుస ఉంది. మొదట, ఆ ప్రమాదాన్ని పూర్తిగా తీసేయగలమా? లేకపోతే తక్కువ ప్రమాదమున్న దానితో మార్చగలమా? కాకపోతే మధ్యలో అడ్డేమైనా కట్టగలమా? ఆ తర్వాతే పద్ధతులు, కాపలాలు, హెచ్చరికలు. హెల్మెట్లు, మాస్కులు, జాకెట్లు చివర. మొదటివి వదిలేసి చివరి వాటికి దూకితే ఫారం నిండుతుంది, మనుషులు అలాగే ఉంటారు. ప్రతి చర్య పక్కనా ఒక పేరు, ఒక సమయం రాయండి. "గోతులు కప్పుతాం" అని కాకుండా "వెనక గోడ దగ్గరి రెండు గోతుల మీద ప్లైవుడ్ బిగించడం, ఫలానా వ్యక్తి, యూనిట్ వచ్చే ముందు, సాయంత్రం 5 లోపు" అని. పేరు లేని పని ఎవరిదీ కాదు.

ఫారంలో ఎవరూ రాయని గడి నిద్ర. 1997లో అమెరికాలో బ్రెంట్ హెర్ష్‌మన్ అనే కెమెరా అసిస్టెంట్ 19 గంటల షూటింగ్ ముగించుకుని ఇంటికి కారు నడుపుతూ నిద్రలోకి జారి, ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాతే పని గంటలకు హద్దు ఉండాలని అక్కడి ఛాయాగ్రాహకులు గట్టిగా గొంతెత్తారు. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మీ షెడ్డు షూటింగ్ తెల్లవారుజామున ముగిస్తే, పొద్దున్నే లేచి క్లాసులకి వెళ్లిన వాళ్లు అప్పటికి దాదాపు 24 గంటలు మేలుకుని ఉంటారు. పన్నెండు గంటలు దాటి పని వద్దు, మళ్లీ పిలిచేలోపు కనీసం పది గంటల విరామం ఇవ్వండి. ఆ రాత్రి యూనిట్‌లో ఎవరూ సొంతంగా బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లకూడదు. షూటింగ్‌తో సంబంధం లేని, నిద్రపోయి వచ్చిన డ్రైవర్ కావాలి. ఆ ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో వేయండి, ఇంకో లెన్స్ అద్దె మానుకోవాల్సి వచ్చినా సరే.

మీ డైరెక్టర్ సంగతి. అతను చెడ్డవాడేమీ కాదు, అతని కళ్లకి ఫ్రేమే కనిపిస్తుంది. అది అతని పని. అందుకే భద్రత చూసే మనిషి డైరెక్టర్ కాకూడదు, కెమెరామన్ కూడా కాకూడదు. పెద్ద సెట్లలో చాలాచోట్ల ఈ బాధ్యత మొదటి అసిస్టెంట్ డైరెక్టర్ చూస్తారు. మీ దగ్గర అలాంటి మనిషి లేకపోతే మీరే. హక్కు ఉంటుందా అని అడిగారు. అది దానంతట అదే రాదు, ముందే రాయించుకోవాలి. షూటింగ్‌కి వారం ముందు మీ గైడ్ దగ్గర డైరెక్టర్‌తో కలిసి కూర్చుని ఒక్క వాక్యం రాసి ముగ్గురూ సంతకం చేయండి: "భద్రత కారణంతో ఫలానా వ్యక్తి ఆపమంటే షాట్ ఆగుతుంది, చర్చ ఏదైనా షాట్ ఆపిన తర్వాతే." సంతకం పెట్టనంటే కెమెరా తీసుకునే ముందే గైడ్‌కి ఆ సంగతి తెలియాలి. ఇది స్నేహితుడి మీద చాడీలు చెప్పడం కాదు.

అతనితో మాట్లాడేటప్పుడు భయం గురించి మాట్లాడకండి, షాట్ గురించి మాట్లాడండి. "అంచు దగ్గర వద్దు" అంటే గొడవ మొదలవుతుంది. "లోపలే నిలబెట్టి కింది నుంచి తీస్తే ఇదిగో ఇలా వచ్చింది" అని రెక్కీలో ఫోన్‌తో తీసిన ఫ్రేమ్ చూపిస్తే మాట వేరేలా నడుస్తుంది. వద్దన్న ప్రతి షాట్‌కీ ఒక బదులు షాట్ చేతిలో పెట్టుకుని వెళ్లండి. అప్పటికీ "ఏం కాదులే" అంటే, ఆ మాట ఫారంలో ఏ గడిలో రాయమంటావని అడగండి.

డైరెక్టర్ కన్నా నాకు మీ జూనియర్ల గురించి ఎక్కువ బెంగ. సీనియర్ల సినిమాలో పనిచేస్తున్నామన్న ఉత్సాహంలో వాళ్లు దేనికీ కాదనరు. చేతికి షాక్ కొట్టినా చెప్పరు. పొద్దున మొదటి షాట్ ముందు అందర్నీ ఒకచోట నిలబెట్టి ఆ రోజు ఏం చేస్తున్నాం, ఎక్కడెక్కడికి వెళ్లకూడదు, ఏమైనా జరిగితే ఎటు వెళ్లాలి అన్నది ఐదు నిమిషాలు చెప్పండి. ఎవరైనా, టీ ఇచ్చే అబ్బాయి అయినా, "ఆపండి" అని అరవొచ్చని డైరెక్టర్ నోటితోనే చెప్పించండి. మీరు చెప్తే నియమం, అతను చెప్తే అనుమతి. కొత్త చోటికి మారినప్పుడల్లా, వాతావరణం మారినప్పుడల్లా, ఎవరైనా "ఇంకో షాట్ కలుపుదాం" అన్నప్పుడల్లా మళ్లీ చెప్పండి. ప్రమాదాలు ఎక్కువగా ఆ కలిపిన షాట్‌లోనే జరుగుతాయని నా అభిప్రాయం. దానికి రెక్కీ ఉండదు, ఫారంలో గడి ఉండదు, వెలుగు పోతుందన్న తొందర మాత్రం ఉంటుంది.

ఇక అత్యవసర ఏర్పాట్లు. దగ్గరి ఆసుపత్రిలో రాత్రిపూట ఎమర్జెన్సీ నిజంగా తెరిచి ఉంటుందా అన్నది ఫోన్‌లో కాకుండా వెళ్లి కనుక్కోండి. ఆ చిరునామా, దారి, నంబర్లు, మీరున్న చోటు మ్యాప్ అక్షాంశ రేఖాంశాలు కాల్ షీట్ (ఆ రోజు షూటింగ్ వివరాలుండే కాగితం) పైభాగంలో అచ్చు వేసి కాగితం మీదే అందరికీ ఇవ్వండి. షెడ్డులో సిగ్నల్ ఉండకపోవచ్చు. ఏ మూల నిలబడితే కాల్ కలుస్తుందో రెక్కీలోనే చూసుకోండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దాన్ని వాడటం తెలిసిన ఒక మనిషి, కరెంటు మంటలకి పనికొచ్చే పొడి లేదా కార్బన్ డయాక్సైడ్ రకం ఎక్స్‌టింగ్విషర్ లైట్లకి చేరువలో ఉండాలి. ఒక వాహనం ఎప్పుడూ ఖాళీగా, ముఖం రోడ్డు వైపు పెట్టి ఆగి ఉండాలి, దాని ముందు ఇంకో బండి ఆపనివ్వకండి. ఫ్యాక్టరీ గేటు తాళంచెవి ఓనర్ దగ్గరో వాచ్‌మన్ దగ్గరో కాకుండా ఆ రాత్రంతా మీ దగ్గరే ఉండేలా ముందే అడిగి తీసుకోండి.